మిర్చి పట్టీలు రాసే చేత్తో ఫంక్షన్లు నేర్చుకున్నాను

మార్చి నెలంటే మా కొట్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పదకొండేళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. తెల్లవారకముందే లారీలు, ట్రాక్టర్లు వచ్చి దిగుతాయి. పొద్దున బేరాలు, మధ్యాహ్నం కాటాలు, సాయంత్రం పట్టీలు. పట్టీ అంటే రైతుకు మేమిచ్చే లెక్క కాగితం. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎన్ని కిలోలు, క్వింటా ధర ఎంత, కమీషన్ ఎంత పోయింది, హమాలీ ఎంత పోయింది, చివరికి చేతికి ఎంత వస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. రోజుకు అరవై, డెబ్బై పట్టీలు రాసిన రోజులున్నాయి. కళ్లల్లో మిరప ఘాటు, చేతిలో కాలిక్యులేటర్, ఎదురుగా ఇంటికెళ్లే తొందరలో రైతులు.

అలాంటి ఒక రాత్రి వినుకొండ వైపు నుంచి వచ్చిన రైతు పట్టీలో తప్పు చేశాను. ఆయన తేజ రకం కాయలు పది టిక్కీలు, తాలు కాయలు, అంటే రంగు పోయిన నాసిరకం, రెండు టిక్కీలు తెచ్చాడు. రెండిటికీ ధర వేరు. తేజ లెక్క కట్టి, తాలు సొమ్ము కలపకుండానే పట్టీ చింపి ఆయన చేతిలో పెట్టాను. నమ్మి తీసుకెళ్లాడు. ఊళ్లో వాళ్లబ్బాయి చూసి పట్టుకున్నాడు. మర్నాడు ఆయన మళ్లీ బస్సెక్కి వచ్చి, "చూడు బాబూ, ఇక్కడేదో తగ్గినట్టుంది" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. ఐదువేల పైచిలుకు తేడా. షావుకారు గారు వెంటనే ఇప్పించారు, చార్జీలకు కూడా ఇచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే కాబోలు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంట కోతల రోజుల్లో ఆ మనిషికి ఒక పూర్తి రోజు పోయింది, నా వల్ల.

పట్టీ లెక్కలకు తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నాకు తెలుసు. ఎక్సెల్ కూడా కొంత వచ్చు. కానీ ఆ లెక్క లోపల ఏం జరుగుతోందో నాకు తెలియాలి, తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో నేనే వెతికి పట్టుకోవాలి అనిపించింది. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. సరిగ్గా అప్పుడే మా అక్క కూతురు, బీటెక్ రెండో ఏడాది చదువుతోంది, సెలవులకు బ్రాడీపేటలో వాళ్లింటికి వచ్చింది. "అమ్మలూ, నాకు ప్రోగ్రామింగ్ నేర్పుతావా?" అని అడిగాను. అది ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "పొద్దున ఆరింటికి రాగలవా మావయ్యా? పది దాటితే ఈ ఎండలో నా బుర్ర పనిచెయ్యదు" అంది.

అలా మొదలైంది. రోజూ ఆరింటికి బండి మీద వెళ్లేవాణ్ని. వాళ్ల వరండాలో ఒక చిన్న బల్ల, దాని పాత ల్యాప్‌టాప్, అక్క ఇచ్చే టీ. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెడదామంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే చాలు, క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, తెరుచుకున్న దాంట్లో కన్సోల్ అనే చోటికి వెళ్తే చాలు, అక్కడ ఏది రాసినా వెంటనే జవాబు చెబుతుంది. నిజంగానే, 430 ఇంటూ 15000 బై 100 అని కొట్టగానే 64500 అని వచ్చింది. 430 కిలోలు, క్వింటా 15,000 చొప్పున. నా కాలిక్యులేటర్ చేసే పనే, కానీ చాలా సంతోషం వేసింది.

ఇక్కడి నుంచి నేను రాసే ధరలు, కమీషన్, హమాలీ అన్నీ లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్న గుండు అంకెలు. యార్డు ధరలుగా తీసుకోకండి.

వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు), ఇఫ్ షరతులు వారం రోజుల్లో వచ్చేశాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆగిపోయింది ఫంక్షన్ల దగ్గర, అంటే ఒక పనికి పేరు పెట్టి రాసుకుని, కావలసినప్పుడు ఆ పేరుతో చేయించుకునే కోడు దగ్గర.

ఫంక్షన్ అనే మాట వినగానే నాకు ఇంటర్మీడియట్ గుర్తొచ్చింది. నేను తెలుగు మీడియంలో ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) చదివాను. మొదటి సంవత్సరం లెక్కల పుస్తకంలో తొలి పాఠం ప్రమేయాలు. ప్రదేశం, సహప్రదేశం, వ్యాప్తి. ఈ సమితిలోని ప్రతి మూలకానికీ ఆ సమితిలో ఒకే ఒక మూలకం ఉండాలి, అప్పుడే అది ప్రమేయం. ఒకటి ఇస్తే ఒకటే వస్తుంది, ఎన్నిసార్లు ఇచ్చినా అదే వస్తుంది. పద్దెనిమిదేళ్ల కింద బట్టీ పట్టిన ఆ నిర్వచనం నోటికి ఇంకా ఉంది. మేనకోడలికి చెబితే ఆశ్చర్యపోయింది. "ఫంక్షనే ప్రమేయమా? మాకెవరూ చెప్పలేదే" అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "అదే, కానీ పూర్తిగా అదే కాదు. ముందు రాయి, చూద్దాం" అంది. ఆ 'పూర్తిగా అదే కాదు' అన్నమాట నాకు తర్వాత చాలా రోజులు పనికొచ్చింది.

రాసే పద్ధతి చెప్పింది. ముందు ఫంక్షన్ అనే కీవర్డ్, తర్వాత పేరు, తర్వాత మామూలు బ్రాకెట్లలో ఆ పనికి కావలసిన సరుకు, ఆ తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య చేయాల్సిన పని. కీవర్డ్ ఇంగ్లీషులోనే ఉండాలి గానీ పేరు తెలుగులో పెట్టుకోవచ్చా అని అడిగాను. దానికి తెలియదు. రాసి చూశాం. 'పట్టీ' అని తెలుగు లిపిలో పేరు పెడితే బ్రౌజర్ మారు మాట్లాడకుండా తీసుకుంది. జావాస్క్రిప్ట్‌లో పేర్లకు యూనికోడ్ అక్షరాలు చెల్లుతాయట, మధ్యలో ఖాళీ మాత్రం ఉండకూడదు. ఉద్యోగాల్లో ఇలా రాయరని, కీబోర్డు మాటిమాటికీ మార్చుకోవాల్సి వస్తుందని హెచ్చరించింది. నాకు ఉద్యోగం కోసం కాదు కదా. పైగా నేను రోజూ చేసే పని పేరే తెర మీద తెలుగులో కనబడుతుంటే, ఇది నా లెక్కే అన్న ధైర్యం వచ్చింది. తెలుగులో చదువుకున్న వాళ్లు మొదటి నెల ఇలాగే నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఒక్క జాగ్రత్త: దీర్ఘం, హ్రస్వం తేడా పడితే అది వేరే పేరు. ఒకచోట పట్టీ, ఇంకోచోట పట్టి అని రాస్తే, 'పట్టి' అనేది ఎక్కడా లేదని ఎర్రర్ వచ్చింది. అరగంట వెతికాం.

మొదటి ఫంక్షన్‌ను ఒక పేజీ ఫైల్లో రాసి, సేవ్ చేసి, బ్రౌజర్‌లో ఆ పేజీ రిఫ్రెష్ చేశాను. ఏమీ రాలేదు. ఎర్రర్ కూడా లేదు. మళ్లీ రిఫ్రెష్. ఏమీ లేదు.

"ఎలా చేయాలో చెప్పావు గానీ, చేయమని చెప్పలేదుగా మావయ్యా."

ఫంక్షన్ రాయడం వేరు, పిలవడం వేరు. రాసినప్పుడు ఆ పని జరగదు, ఆ పని ఎలా చేయాలో బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. పేరు రాసి పక్కన బ్రాకెట్లు పెట్టి, అందులో సరుకు ఇస్తేనే పని జరుగుతుంది. పట్టీ(430, 15000) అని కింద రాశాను. 64500 అని కన్సోల్‌లో పడింది. బ్రాకెట్లు లేకుండా వట్టి పేరు కొడితే ఏమవుతుందో కూడా చూశాం. నేను రాసిన ఫంక్షన్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. లెక్క చేయలేదు.

తర్వాత మూడు లైన్లు పెరిగాయి. టిక్కీలు, కిలోలు, రేటు ఇస్తే కమీషన్, హమాలీ తీసేసి నికరం చెప్పాలి. నూటికి రెండు రూపాయలు కమీషన్, టిక్కీకి ఇరవై హమాలీ అనుకున్నాం. పట్టీ(10, 430, 15000) అంటే 64,500లో 1,290 కమీషన్, 200 హమాలీ పోను 63,010. వచ్చింది. చేత్తో వేసి చూశాను, సరిపోయింది.

ఇంకోసారి వేరే రైతు లెక్క అనుకుని తొందరలో పట్టీ(430, 10, 15000) అని కొట్టాను. మైనస్ 7,130 వచ్చింది. అంటే పది టిక్కీల మిర్చి అమ్ముకున్న రైతే మాకు ఏడువేలు బాకీ. నేను చాలాసేపు ఫార్ములాలో తప్పుందనే అనుకున్నాను. ఫార్ములాలో ఏమీ లేదు. టిక్కీలు అన్నచోట 430 వెళ్లింది, కిలోలు అన్నచోట 10 వెళ్లింది. పది కిలోలకు 1,500 వచ్చింది, 430 టిక్కీలకు 8,600 హమాలీ పోయింది. మనం ఏ పేరు మనసులో పెట్టుకుని ఇచ్చామో ఫంక్షన్‌కు తెలియదు. ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే తీసుకుంటుంది. ఫంక్షన్ రాసేటప్పుడు బ్రాకెట్లలో పెట్టే పేర్లను పారామీటర్లంటారు, పిలిచేటప్పుడు ఇచ్చే అసలు విలువలను ఆర్గ్యుమెంట్లంటారు. పారామీటర్ అంటే పట్టీ పుస్తకంలో ముందే అచ్చేసిన గడి, ఆర్గ్యుమెంట్ అంటే ఆ గడిలో నేను పెన్నుతో రాసే అంకె. నాకు అలా గుర్తుండిపోయింది.

నన్ను భయపెట్టింది మైనస్ వచ్చిన తప్పు కాదు. కిలోలు, రేటు తారుమారు చేసి చూస్తే జవాబు సరిగ్గానే వచ్చింది. 430 ఇంటూ 15000 అన్నా, 15000 ఇంటూ 430 అన్నా ఒకటే కదా. తప్పుగా ఇచ్చినా సరైన జవాబు వచ్చే చోట మనం ఎప్పటికీ పట్టుకోలేం. రేపు అదే ఫంక్షన్‌లో కిలోకు ఇంత తరుగు అని ఒక్క లైను కలిపితే ఆ తప్పు అప్పుడు బయటపడుతుంది. అందుకే అప్పటి నుంచి ప్రతి ఫంక్షన్ పైనా కామెంట్‌లో, అంటే బ్రౌజర్ పట్టించుకోని, మన కోసం రాసుకునే లైనులో, వరస రాసిపెట్టుకుంటున్నాను. ఒక ఆర్గ్యుమెంట్ మర్చిపోయినా జావాస్క్రిప్ట్ ఆపదు, అడగదు. రేటు ఇవ్వకుండా పిలిస్తే, ఆ గడిలో అన్‌డిఫైన్డ్ (విలువ ఏదీ లేదు) అని పెట్టుకుని లెక్క చేసేస్తుంది. నాట్ ఎ నంబర్ అనడానికి గుర్తుగా ఎన్-ఏ-ఎన్ అనే మూడక్షరాలు వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. రిటర్న్.

నాకు కావలసింది ఆ వినుకొండ రైతు పట్టీ. తేజ పది టిక్కీలు, తాలు రెండు టిక్కీలు, రెండు ధరలు, ఒక మొత్తం. సరుకు విలువ చెప్పే ఫంక్షన్ ఒకటి విడిగా రాశాను. పేరు 'విలువ'. విలువ(430, 15000) అంటే 64500 కన్సోల్‌లో వచ్చింది. విలువ(80, 7000) అంటే 5600 వచ్చింది. రెండూ కళ్ల ముందే ఉన్నాయి. కలిపితే 70,100 రావాలి. రెండు పిలుపుల మధ్య ప్లస్ పెట్టాను.

కన్సోల్‌లో 64500 వచ్చింది, దాని కింద 5600 వచ్చింది, దాని కింద ఎన్-ఏ-ఎన్ వచ్చింది.

ఇది నాకు నాలుగు రోజులు అర్థం కాలేదు. రెండు అంకెలూ తెర మీద ఉన్నాయి. వాటిని కలపమంటే అంకె కాదంటుంది. మేనకోడలు చెప్పింది, "నువ్వు కన్సోల్ డాట్ లాగ్ వాడావు, రిటర్న్ చెయ్యలేదు" అని. మొదటిది జవాబును కన్సోల్‌లో చూపించమనే మాట, రెండోది జవాబును పిలిచినవాళ్లకు ఇవ్వమనే మాట. రిటర్న్ పెట్టగానే 70100 వచ్చేసింది కూడా. కానీ ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ఇంతకు ముందు కూడా జవాబు వచ్చిందిగా? కనిపించిందిగా? కనిపించినదాన్ని కలపలేకపోవడమేంటి? అది తనకు తెలిసినట్టు రెండు మూడు రకాలుగా చెప్పింది పాపం. బుర్ర ఊపాను గానీ లోపల పడలేదు. తెలిసినట్టు నటించడం నాకు చేతకాదు, అందుకని మర్నాడు మళ్లీ అదే అడిగాను. అది విసుక్కోలేదు, అందుకు దానికి ఎంత చెప్పినా తక్కువే.

నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది. డాబా మీద పడుకుని కాటాల సంగతి తలుచుకుంటున్నాను. కాటా దగ్గర ఒకతను టిక్కీ ఎక్కించి "నలభై మూడూ!" అని కేకేస్తాడు. అందరికీ వినిపిస్తుంది. రైతుకు, హమాలీలకు, పక్క కొట్టు వాళ్లకు కూడా. కానీ గుమస్తా ఆ నలభై మూడును చీటీ మీద వేసుకోకపోతే, తర్వాత టిక్కీ ఎక్కగానే అది పోయినట్టే. సాయంత్రం మొత్తం వేయడానికి కూర్చున్నప్పుడు కేక ఎక్కడుంది? చీటీ ఉంటేనే కూడతాను. లేచి కూర్చున్నాను. కన్సోల్ డాట్ లాగ్ కాటా దగ్గర కేక. రిటర్న్ చీటీ మీద రాసి చేతికివ్వడం.

నా ఫంక్షన్ 64500 అని కేక వేసింది. నాకు వినిపించింది కాబట్టి ఇచ్చిందనుకున్నాను. నా చేతికి ఏ చీటీ రాలేదు. చీటీ ఇవ్వని ఫంక్షన్ నుంచి మనకు వచ్చేది అన్‌డిఫైన్డ్. ఖాళీ చేయి. రెండు ఖాళీ చేతుల్ని కూడమంటే అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

కరెంటు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఫోనులో దానికి మెసేజ్ పెట్టాను. పొద్దున వెళ్లేసరికి కాగితం మీద బొమ్మ వేసి ఉంచింది, ఒక వైపు మైకు, ఇంకో వైపు చీటీ. "మా క్లాసులో సగం మందికి ఇది ఇప్పటికీ తెలియదు మావయ్యా, ఎక్కడ పడితే అక్కడ లాగ్ కొడతారు" అంది. అప్పుడే అది ముందు అన్న 'పూర్తిగా అదే కాదు' అన్నమాట కూడా తేటపడింది. లెక్కల్లో ప్రమేయం అంటే తప్పకుండా ఒక జవాబు ఉండాల్సిందే. ప్రోగ్రామింగ్‌లో ఫంక్షన్ పని చేసి, జవాబివ్వకుండా కూడా ముగియొచ్చు. తెర మీద ఏదో చూపించే ఫంక్షన్లు, బటన్ రంగు మార్చే ఫంక్షన్లు అలాంటివి. వాటిలో తప్పేమీ లేదు. కానీ లెక్క చేసే ఫంక్షన్ చీటీ ఇవ్వాలి.

రిటర్న్ గురించి ఇంకో రెండు సంగతులు. ఒకటి, రిటర్న్ అయిన క్షణాన ఫంక్షన్ ఆగిపోతుంది, దాని కింద రాసిన లైన్లు నడవవు. రెండోది నా ఒక పొద్దునంతా తినేసింది. కమీషన్, హమాలీ తీసేసే లెక్క పొడుగ్గా ఉందని, రిటర్న్ అని రాసి ఎంటర్ కొట్టి, లెక్కను కింద లైనులో రాశాను. చూడ్డానికి బాగుంటుందని. మళ్లీ అన్‌డిఫైన్డ్. జావాస్క్రిప్ట్‌లో రిటర్న్ తర్వాత లైను మారితే, అక్కడితో వాక్యం అయిపోయిందని అదే సెమీకోలన్ పెట్టుకుంటుంది. ఖాళీ చీటీ చేతికిచ్చి వెళ్లిపోతుంది. రిటర్న్ ఉన్న లైనులోనే లెక్క మొదలవ్వాలి. లేదా బ్రాకెట్ తెరిచి కిందికి వెళ్లాలి.

రిటర్న్ వచ్చాక పని వేగం పెరిగింది. ఒక్క పెద్ద ఫంక్షన్ బదులు చిన్నవి రాశాను: విలువ, కమీషన్, హమాలీ. ఆ మూడింటినీ పిలిచే పట్టీ. ఒకదాని చీటీ ఇంకోదానికి అందుతుంది. హమాలీ రేటు మారితే హమాలీ అనే ఫంక్షన్‌లో ఒక్కచోట మారిస్తే చాలు. ఆ వినుకొండ లెక్క మళ్లీ వేశాను. 70,100లో కమీషన్ 1,402, పన్నెండు టిక్కీల హమాలీ 240 పోను 68,458. తాలు కలిసే ఉంది. మర్చిపోవడానికి అక్కడ వీలు లేదు.

ఇక పేజీ. టిక్కీల తూకాలు కొట్టడానికి పెట్టెలు, 'లెక్క వెయ్యి' అనే బటన్. ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి.

పెట్టెల్లో 43, 44 కొట్టి మొత్తం కిలోలు అడిగితే 87 బదులు 4344 వచ్చింది. పెట్టెలో మనం అంకెలు కొట్టినా, బ్రౌజర్ దాన్ని అక్షరాలుగానే ఇస్తుంది. అక్షరాల మధ్య ప్లస్ అంటే పక్కపక్కన అతికించడం. అదే ఇంటూ అయితే అంకెలుగా మార్చుకుని గుణిస్తుంది. అందుకే గుణించే చోట ఇది బయటపడదు. ఈ తిరకాసేంటని గట్టిగానే అడిగాను. జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారు చేశాడని, అప్పటి పద్ధతులు ఇప్పుడు మారిస్తే వాటి మీద ఆధారపడిన పాత పేజీలన్నీ పాడవుతాయని, అందుకే అలాగే ఉంచారని చెప్పింది. ఆ కారణం నాకు సబబుగానే తోచింది. పెట్టెలో నుంచి తీసుకున్న ప్రతి విలువనూ ముందు నంబర్ అనే ఫంక్షన్‌కిచ్చి అంకెగా మార్చుకోవాలి. అది కూడా ఫంక్షనే, మనం రాసింది కాదు, భాషతోనే వస్తుంది. అలాంటిదే ఇంకొకటి, అంకెకు మన లక్షల పద్ధతిలో కామాలు పెట్టేది. మామూలుగా ఇంగ్లీషు పద్ధతిలో మూడు మూడు అంకెలకు కామా పడుతుంది. భాష, దేశం ఇండియా అని చెబితే 12,34,567 అని మన చూపుకు అలవాటైనట్టు వేస్తుంది. రైతు చదవాల్సిన కాగితం మీద ఇది చాలా ముఖ్యం.

రెండో దెబ్బ బటన్. స్క్రిప్ట్‌లో బటన్‌కు ఫంక్షన్ అప్పగించేటప్పుడు అలవాటు కొద్దీ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టాను. పేజీ తెరవగానే, ఎవరూ నొక్కకుండానే లెక్క నడిచింది. ఆ తర్వాత నొక్కితే కదలదు. బ్రాకెట్లు పెడితే ఇప్పుడే చెయ్యి అని. పెట్టకపోతే, ఈ పని చేసేది ఇదిగో అని పేరు అందించడం. ముఠా మేస్త్రి ఫోన్ నంబరు షావుకారికి రాసివ్వడం వేరు, మేస్త్రికి మనమే ఫోన్ కొట్టి ముఠాను దించడం వేరు. నొక్కినప్పుడు పిలవాల్సింది బ్రౌజర్ కాబట్టి దానికి నంబరే ఇవ్వాలి. మళ్లీ హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీ రూపం రాసే భాషలో, బటన్ ట్యాగులోనే ఆన్‌క్లిక్ (నొక్కినప్పుడు) అని రాస్తే మాత్రం బ్రాకెట్లు పెట్టాలి. అక్కడ రాసేది నొక్కినప్పుడు నడవాల్సిన కోడు కాబట్టి. రెండు చోట్ల రెండు రకాలుగా చూసి చాలామంది తికమక పడతారు, నేనూ పడ్డాను.

బటన్ పనిచేశాక మా అక్కను పిలిచి చూపించాను. నొక్కితే 70,100. అక్క సంతోషంగా ఇంకోసారి నొక్కింది. 1,40,200. మూడోసారి 2,10,300.

అక్కడ ఏమీ మారలేదు. అవే టిక్కీలు, అదే రేటు. జవాబు మాత్రం నొక్కినప్పుడల్లా పెరుగుతోంది. నాకు వెంటనే ఆ ఇంటర్ నిర్వచనం గుర్తొచ్చింది. ప్రతి మూలకానికీ ఒకే ఒక మూలకం. ఇది ప్రమేయం కాకుండా పోయింది. ఎక్కడో ఏదో పాత విషయం గుర్తుపెట్టుకుంటోంది. ఈసారి మేనకోడల్ని పిలవకుండా నేనే కూర్చున్నాను. 'మొత్తం' అనే వేరియబుల్‌ను ఫంక్షన్ బయట, పైన ఎక్కడో సున్నాతో మొదలుపెట్టాను. ఫంక్షన్ నడిచినప్పుడల్లా దానికి కలుపుతోంది, కానీ మళ్లీ సున్నా చేసేవాళ్లు లేరు. అంటే ఒక రైతు పట్టీ వేశాక రెండో రైతు లెక్క వేస్తే మొదటి రైతు సొమ్ము కూడా అందులో కలుస్తుంది. ఆ ఒక్క లైనును ఫ్లవర్ బ్రాకెట్ లోపలికి తెచ్చాను. లోపల పుట్టిన వేరియబుల్ ఆ పిలుపుకే పుట్టి, ఆ పిలుపుతోనే పోతుంది. ప్రతి రైతుకూ తెల్ల కాగితం. అక్క పదిసార్లు నొక్కింది, పదిసార్లూ 70,100 వచ్చింది. నేర్చుకున్న ఈ నెలలో నా అంతట నేను పట్టుకున్న మొదటి తప్పు ఇది. పట్టించింది మాత్రం పద్దెనిమిదేళ్ల నాటి తెలుగు మీడియం పాఠం.

ఏరో ఫంక్షన్లని 2015లో వచ్చిన పొట్టి పద్ధతి ఒకటుంది, అదీ చూపించింది. చదవగలను. నేను మాత్రం పాత పద్ధతిలోనే రాస్తున్నాను, పని పేరు ముందే కనబడుతుందని.

సెలవులు అయిపోవడానికి వారం ముందు షావుకారు గారిని అడిగి పోయిన సీజన్ పట్టీల కార్బన్ కాపీ పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అందులో యాభై పట్టీలు ఒక్కొక్కటిగా నా పేజీలో కొట్టి, చేతిరాత నికరంతో పోల్చాను. మూడు సాయంత్రాలు పట్టింది. నలభై ఆరు కచ్చితంగా సరిపోయాయి. మూడింట్లో రూపాయి తేడా. నేను కమీషన్‌ను విడిగా రూపాయికి సవరించి రాస్తాను, నా ఫంక్షన్ పైసల్ని చివరిదాకా మోసి అప్పుడు సవరిస్తోంది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే ఉండాలని ఫంక్షన్‌నే మార్చాను.

యాభైలో మిగిలింది ఒకటి. 1,470 రూపాయల తేడా. ముందు పేజీనే అనుమానించాను. తూకాలు మళ్లీ కొట్టాను, అదే వచ్చింది. కాలిక్యులేటర్ తీసి టిక్కీల తూకాలు ఒక్కొక్కటే కూడాను. పట్టీలో కిలోల మొత్తం పది తక్కువ వేసి ఉంది. క్వింటా 15,000 లెక్కన పది కిలోలకు 1,500, అందులో ముప్పై కమీషన్. చేతిరాత నాదే. రైతుది నరసరావుపేట దగ్గర ఊరు, పట్టీ మీద ఫోన్ నంబరు ఉంది.

షావుకారు గారికి చెప్పాను. పుస్తకం తీసుకుని ఆయన కూడా ఒకసారి కూడి, "ఫోన్ చెయ్యి" అన్నారు. చేశాను. రైతుకు ఆ లోడు గుర్తే లేదు, మొదట నేను ఎందుకు చేశానో కూడా అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. "యార్డు తెరిచాక వస్తాలే బాబూ, నాలుగు టిక్కీలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి" అన్నాడు. 1,470 అని చీటీ మీద రాసి, ఆయన పట్టీ కాపీకి గుచ్చి సొరుగులో పెట్టాను.